కొత్త సిస్టమ్‌లో పాత గ్రాఫిక్స్ కార్డు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కళాశాలలకు బహిరంగ లేఖ

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల కళాశాలల ప్రిన్సిపాళ్లకు, కంప్యూటర్ ల్యాబుల ఇన్‌ఛార్జి అధ్యాపకులకు.

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోని భాగాలన్నీ ఒకే వేగంతో పాతబడవు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. ప్రాసెసర్ తరం మారితే మిగతా రెండూ చాలాసార్లు మారక తప్పదు. గ్రాఫిక్స్ కార్డుకు ఆ బంధం లేదు. అది కూర్చునే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ప్రమాణం 2003లో వచ్చింది. తర్వాత 2007లో రెండో తరం, 2010లో మూడోది, 2017లో నాలుగోది, 2019లో ఐదోది వెలువడినా స్లాట్ ఆకారం అలాగే ఉంది. పాత కార్డు కొత్త బోర్డులో, కొత్త కార్డు పాత బోర్డులో పనిచేసేలా ఆ ప్రమాణాన్ని రూపొందించారు. రెండింటిలో ఏది నెమ్మదైతే ఆ వేగానికి రెండోది తగ్గుతుంది. పదేళ్ల నాటి కార్డును ఈ ఏడాది కొన్న బోర్డులో పెట్టడానికి వీలు కలిగేది దీనివల్లే.

ఈ వీలును ఇప్పుడు పట్టించుకోవలసిన అవసరం ఏర్పడింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 అధికారికంగా అంగీకరించే ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీవి రైజెన్ 2000 శ్రేణి నుంచి మొదలవుతాయి. దానికి తోడు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ కావాలి. ఆరో తరం ఐ5 ఉన్న సిస్టమ్ ఈ పరీక్షలో తప్పుతుంది. అదే సిస్టమ్‌లో ఉన్న 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ కార్డు మాత్రం తప్పదు, ఎందుకంటే గ్రాఫిక్స్ విషయంలో విండోస్ 11 అడిగేది డైరెక్ట్‌ఎక్స్ 12, దానికి తగిన డ్రైవర్ మాత్రమే. అయితే స్టాక్ రిజిస్టరులో సిస్టమ్ అంతా సాధారణంగా ఒకే పద్దు. ప్రాసెసర్ పనికిరాదని కండెమ్ చేస్తే, బాగున్న కార్డు కూడా క్యాబినెట్‌తో పాటే డెడ్ స్టాక్ గదికి వెళ్తుంది. కొత్త సిస్టమ్‌ల ఇండెంట్ రాసేముందు పాత కార్డును విడిగా తూచి చూడాలన్నదే ఈ లేఖ కోరే సంగతి. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. కార్డు మీద మిగిలిన డబ్బు ర్యామ్‌కు పెట్టగలిగితే ల్యాబుకు లాభం.

మొదట తేల్చుకోవలసింది పని. కార్డు ఉన్నంత మాత్రాన అది వాడదగినదని కాదు.

ధర్మవరం పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. జాకార్డ్ మగ్గానికి డిజైన్ సిద్ధం చేసే పని ఇప్పుడు చాలావరకు కంప్యూటర్ మీదే నడుస్తోంది. అంచు, కొంగు, బుటాలను తెర మీద గళ్లు గళ్లుగా గీసి, ఏ వరసలో ఏ పోగు లేవాలో నిర్ణయించి, ఆ లెక్క ప్రకారం అట్టలకు రంధ్రాలు కొడతారు. ఎలక్ట్రానిక్ జాకార్డ్ అయితే ఫైలే నేరుగా మగ్గానికి వెళ్తుంది. (1804 ప్రాంతంలో ఫ్రాన్సులోని లియాన్‌లో జోసెఫ్ మేరీ జాకార్డ్ రూపొందించిన యంత్రపు చిల్లుల అట్టలే తర్వాతి కాలపు లెక్కల యంత్రాల చిల్లుల కార్డులకు దారి చూపాయి. ధర్మవరం విద్యార్థికి కంప్యూటర్ చరిత్ర చెప్పాలంటే మగ్గం దగ్గర మొదలుపెట్టవచ్చు.) ఈ పని రెండు కొలతల బొమ్మతో సాగేది. దానికి కావలసింది చాలినంత ర్యామ్, పెద్ద తెర, రంగు సరిగా చూపే మానిటర్. ప్రాసెసర్‌లోనే అంతర్భాగంగా వచ్చే గ్రాఫిక్స్ దీనికి సరిపోతుంది. చీరల డిజైన్ నేర్పే ల్యాబుకు ప్రత్యేక కార్డు కోసం ఖర్చు పెట్టడం వృథా. ఉన్న పాత కార్డు రెండో మానిటర్ తగిలించడానికి ఉపయోగపడితే అదే చాలు.

పెనుకొండ సంగతి వేరు. ఊరికి దగ్గర్లోని ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. విడిభాగాల పరిశ్రమలూ దాని చుట్టూ వచ్చాయి. అక్కడ ఉద్యోగం ఆశించే డిప్లొమా, ఇంజినీరింగ్ విద్యార్థులు యంత్ర భాగాలను మూడు కొలతల్లో గీయడం నేర్చుకోవాలి. ఒక భాగాన్ని తెర మీద తిప్పి చూసేటప్పుడు, పదుల భాగాలను కలిపి అసెంబ్లీగా చూసేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు నిజంగా పనిచేస్తుంది. నాలుగు జీబీ మెమరీ ఉన్న 2016 నాటి కార్డు విద్యార్థి స్థాయి నమూనాలకు ఇప్పటికీ చాలుతుంది. వీడియో ఎడిటింగ్ నేర్పే చోటా ఇంతే. హిందూపురంలోని పెళ్లి వీడియోల స్టూడియోలకైనా, కళాశాల మీడియా ల్యాబుకైనా రంగులు దిద్దడం, ఫైనల్ ఫైలు తీయడం వంటి పనుల్లో భారం కార్డు మీదే పడుతుంది. డావిన్చీ రిజాల్వ్ లాంటి సాఫ్ట్‌వేర్ అయితే కార్డు మీద ఆధారపడే నడుస్తుంది.

ఇక్కడే ఒక తేడా గుర్తించాలి. పాత కార్డులన్నీ ఒక్క తరగతివి కావు. జీటీ 710, జీటీ 730 వంటివి తమ కాలంలోనే తెర వెలిగించడానికి తప్ప మరో పనికి ఉద్దేశించినవి కావు. ఐ5-12400 ప్రాసెసర్‌లో ఉండే యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ జీటీ 710 కన్నా వేగంగా పనిచేస్తుంది. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న ఏవీ1 వీడియోను కూడా అది స్వయంగా విప్పగలదు, పాత కార్డు విప్పలేదు. అలాంటి కార్డును కొత్త సిస్టమ్‌లో పెడితే సిస్టమ్ వెనక్కి వెళ్తుంది. రైజెన్ 5 5600జీ, 8600జీ వంటి ప్రాసెసర్లు కొంటే వాటిలోని గ్రాఫిక్స్ ఇంకా మెరుగు. జీటీఎక్స్ 1050 టీఐ, 1060, 1650, ఆర్‌ఎక్స్ 570, 580 తరగతి కార్డులు చేతిలో ఉంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు అంతర్గత గ్రాఫిక్స్ లేని ఐ5-12400ఎఫ్ లేదా రైజెన్ 5 5600 వంటి ప్రాసెసర్ తీసుకుని, గ్రాఫిక్స్ పని పాత కార్డుకు అప్పగించవచ్చు. దీనికి ఒక షరతు ఉంది: కార్డు చెడిపోయిన రోజు ఆ సిస్టమ్‌లో తెర వెలగదు. ముప్పై సిస్టమ్‌ల ల్యాబులో రెండు మూడింటికైనా అంతర్గత గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ ఉంటే ఏ లోపం కార్డులో ఉందో, ఏది బోర్డులో ఉందో పరీక్షించుకోవచ్చు.

కృత్రిమ మేధ కోర్సులకు పాత కార్డు మీద ఆశ పెట్టుకోవడంలో జాగ్రత్త కావాలి. ఎన్‌విడియా 2025 ఆగస్టులో విడుదల చేసిన కుడా 13 (కార్డు మీద లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి మాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా తరాల కార్డులను తొలగించింది. జీటీఎక్స్ 900, 1000 శ్రేణులన్నీ ఈ తరాలవే. కుడా 12తో వచ్చిన సాఫ్ట్‌వేర్ వెర్షన్ల మీద తొలి పాఠాలు చెప్పడానికి అవి పనికొస్తాయి. కొత్త పాఠ్యపుస్తకం కొత్త వెర్షన్‌ను అడిగితే ఆగిపోతాయి. జీటీఎక్స్ 1650, ఆర్‌టీఎక్స్ 2060 మొదలు తర్వాతి కార్డులకు ఆ ఇబ్బంది లేదు.

పని తేలాక చూడవలసింది కరెంటు. పాత కార్డు కొత్త సిస్టమ్‌లో తరచు ఇబ్బంది పెట్టేది ఇక్కడే. స్లాట్ గరిష్ఠంగా 75 వాట్లు ఇస్తుంది. ఆరు పిన్నుల వైరు మరో 75, ఎనిమిది పిన్నుల వైరు 150 ఇవ్వగలవు. జీటీఎక్స్ 750 టీఐ 60 వాట్లతో, 1050 టీఐ 75 వాట్లతో నడుస్తాయి కాబట్టి వాటిలో చాలా మోడళ్లకు వేరే వైరే అక్కర్లేదు. జీటీఎక్స్ 1060కి 120, జీటీఎక్స్ 970కి 145, ఆర్‌ఎక్స్ 580కి 185 వాట్లు కావాలి. ఐ5-12400ఎఫ్ పూర్తి భారం మీద 117 వాట్ల దాకా వెళ్తుంది. 1060తో కలిపితే 237. ఫ్యాన్లు, డిస్కులు, బోర్డు కలుపుకుంటే 300కు దగ్గర. మంచి కంపెనీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ దీనికి చాలు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని రాసి ఉన్నా నమ్మడానికి లేదు. లేబుల్ మీద 12 వోల్టుల గడి చూడాలి. అక్కడ 18 ఆంపియర్లని ఉంటే కార్డుకూ ప్రాసెసర్‌కూ కలిపి వచ్చేది 216 వాట్లే.

కార్డును పాత సిస్టమ్ నుంచి తెచ్చుకోవచ్చు గాని ఎస్‌ఎంపీఎస్‌ను తెచ్చుకోవద్దు. దానిలోని కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి నీరసపడతాయి, పోయేటప్పుడు బోర్డును కూడా తీసుకుపోగలవు. విడివిడిగా ఊడే వైర్లున్న ఎస్‌ఎంపీఎస్ అయితే ఒకదాని వైరు మరోదానికి పెట్టకూడదు. కార్డు వైపు కొసలు ఒకేలా ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీని బట్టి మారుతుంది. ఎనిమిది పిన్నుల వైరు లేదని సాటా వైరు నుంచి అడాప్టర్ తగిలించడం ప్రమాదం: సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లే, అంతకు మించితే ప్లాస్టిక్ కరుగుతుంది. ల్యాబులో యూపీఎస్ ఉంటే దాని లెక్కా వేసుకోవాలి. 600 వీఏ అని అమ్మే యూపీఎస్‌లలో చాలావాటి సామర్థ్యం 360 వాట్లే. కరెంటు పోయిన క్షణాన మానిటర్‌తో సహా మొత్తం భారం అంతకు మించితే సిస్టమ్ ఆగిపోతుంది.

కొత్త కార్డు తక్కువ కరెంటు తింటుంది కాబట్టి పాతది నష్టమనే వాదన ఉంది. లెక్క వేస్తే అది నిలవదు. 120 వాట్ల 1060 రోజుకు ఆరు గంటలు, నెలకు 25 రోజులు పూర్తి భారం మీద నడిచినా 18 యూనిట్లు. 2024లో వచ్చిన 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీ కార్డు అదే సమయంలో 10.5 యూనిట్లు తీసుకుంటుంది. నెలకు ఏడున్నర యూనిట్ల ఆదాతో కొత్త కార్డు ధర రాబట్టాలంటే ఆ కార్డు కూడా పాతబడేన్ని ఏళ్లు పడుతుంది. కొత్తది వేగంగా ఉంటుందన్నది నిజమే. ఆ వేగం అవసరమైన చోట కొనడానికి అది చాలినంత కారణం.

మూడోది, సిస్టమ్ ఆన్ చేయగానే తెర వెలగడం. పాత బయాస్ పద్ధతి స్థానంలో కొత్త బోర్డులు యూఈఎఫ్‌ఐతో మొదలవుతాయి. ఆ దశలో తెర మీద బొమ్మ రావాలంటే కార్డులోని చిప్‌లో జీఓపీ అనే చిన్న ప్రోగ్రాం ఉండాలి. 2012కు ముందటి కార్డుల్లో అది దాదాపుగా లేదు. 2012, 2013 నాటి వాటిలో కొన్నింటికి ఉంది, కొన్నింటికి లేదు. పాత పద్ధతిని అనుకరించే సీఎస్‌ఎం అనే అమరిక బోర్డులో ఉంటే లేని కార్డూ వెలుగుతుంది. అయితే సీఎస్‌ఎం ఆన్ చేస్తే సెక్యూర్ బూట్ పనిచేయదు, కొత్త ఇంటెల్ బోర్డుల్లో ఆ అమరికే కనుమరుగవుతోంది. కార్డు పాత సిస్టమ్‌లో ఉండగానే జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, బయాస్ వెర్షన్ పక్కన యూఈఎఫ్‌ఐ గడిలో టిక్ ఉందో లేదో చూస్తే ఈ సందేహం నిమిషంలో తీరిపోతుంది. టిక్ లేకపోతే ఆ కార్డును కొత్త సిస్టమ్‌కు లెక్కలోకి తీసుకోకపోవడమే మేలు. టిక్ ఉండి, కొన్ని మాక్స్‌వెల్, పాస్కల్ కార్డులు డిస్‌ప్లేపోర్ట్ మానిటర్‌తో మొదట నల్లతెర చూపిస్తే, దానికి ఎన్‌విడియా విడుదల చేసిన ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంది. అది వేసేదాకా హెచ్‌డీఎంఐ వైరుతో పని నడపవచ్చు.

తెర వెలగకపోతే కార్డు పోయిందని వెంటనే అనుకోవడానికి లేదు. మానిటర్ వైరు మదర్‌బోర్డుకు కాకుండా కార్డుకే పెట్టారా అన్నది ముందు చూడాలి. ఎఫ్ అక్షరంతో ముగిసే ప్రాసెసర్ ఉంటే బోర్డు వెనకనున్న హెచ్‌డీఎంఐ రంధ్రం నుంచి ఏమీ రాదు. పాత మానిటర్లకు వీజీఏ ఒక్కటే ఉండవచ్చు. జీటీఎక్స్ 1000 శ్రేణి నుంచి ఎన్‌విడియా కార్డుల్లో అనలాగ్ సిగ్నల్ లేదు, ఉత్తి పిన్నులు మార్చే చవక అడాప్టర్‌తో అక్కడ బొమ్మ రాదు. లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి.

డ్రైవర్ల విషయంలో తేదీలు తెలిస్తే చాలు. కెప్లర్ తరానికి, అంటే జీటీఎక్స్ 600, 700 శ్రేణుల్లో చాలావాటికి, ఎన్‌విడియా 2021లో మామూలు డ్రైవర్లు ఆపి 2024 సెప్టెంబరులో భద్రతా సవరణలు కూడా ముగించింది. మాక్స్‌వెల్, పాస్కల్ తరాలకు మామూలు డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగాయి; భద్రతా సవరణలు మూడు నెలలకోసారి 2028 అక్టోబరు దాకా వస్తాయని కంపెనీ ప్రకటించింది. ఆర్‌ఎక్స్ 400 శ్రేణికి ముందటి కార్డులను ఏఎండీ 2021 జూన్‌లో పక్కన పెట్టింది. ల్యాబులో లినక్స్ నడుపుతుంటే ఏఎండీ కార్డులదే పైచేయి: వాటి డ్రైవర్ కెర్నల్‌లోనే బహిరంగంగా ఉంది కాబట్టి కంపెనీ వదిలేసినా అవి చాలాకాలం నడుస్తాయి. ఇంటర్నెట్‌కు కలిపే ల్యాబు సిస్టమ్‌లో భద్రతా సవరణలు రాని కార్డు పెట్టకూడదు. ఈ లెక్కన 1050 టీఐ, 1060 కార్డులకు 2028 దాకా చోటుంది, కెప్లర్ కార్డులకు లేదు.

ఇక కార్డు ఆరోగ్యం. ధర్మవరంలో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. హిందూపురం కాస్త ఎత్తున ఉండి కొంత నయం. ఏసీ లేని గదిలో కార్డు పీల్చే గాలే 40 డిగ్రీలుంటే దాని చిప్ వేడి ఆ మేరకు పైకి జరుగుతుంది. జీటీఎక్స్ 1060 తనంతట తాను 83 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. ఏళ్లు గడిచిన కార్డులో చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పేస్టు ఎండి గట్టిపడి ఉంటుంది. దాన్ని తుడిచి కొత్తది పూస్తే వేడి చెప్పుకోదగ్గంత తగ్గుతుంది. మెమరీ చిప్‌ల మీది మెత్తని ప్యాడ్‌లు చిరిగితే అదే మందం ఉన్నవే వేయాలి, మందం తేడా వస్తే హీట్‌సింక్ చిప్‌కు ఆనదు. మగ్గాలున్న ఇంటిలోనో వాటికి దగ్గర్లోనో నడిచిన సిస్టమ్ అయితే రెక్కల మధ్య దుమ్ముతో పాటు పట్టు నూగు కూడా అట్టకట్టి ఉండవచ్చు. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో పట్టుకుని ఆపాలి. గాలి తాకిడికి అతివేగంగా తిరిగితే బేరింగు పాడవుతుంది. కార్డు విప్పే ముందు ప్లగ్గు తీసి, క్యాబినెట్ ఇనుమును ముట్టుకుని ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోవడం మరవకూడదు. ఈ ప్రాంతపు పొడిగాలిలో అది లేనిపోని జాగ్రత్తేమీ కాదు.

పరీక్ష పాత సిస్టమ్‌లోనే జరగాలి. ఫర్‌మార్క్ అనే పరీక్షా సాఫ్ట్‌వేర్ ఇరవై నిమిషాలు నడిపి ఉష్ణోగ్రత ఎక్కడ ఆగుతుందో చూడాలి. ఓసీసీటీ సాఫ్ట్‌వేర్‌లోని వీర్యామ్ (కార్డు మెమరీ) పరీక్షలో ఒక్క తప్పు వచ్చినా ఆ కార్డును ల్యాబుకు ఎక్కించకూడదు. తెర మీద రంగు చుక్కలు, గీతలు కనబడితే మెమరీ పోతున్నట్టు. కొందరు బెంగళూరు ఎస్పీ రోడ్డు మార్కెట్ నుంచి సెకండ్‌హ్యాండ్ కార్డులు తెచ్చుకుంటారు. రైలెక్కితే ఒక్క రోజులో వెళ్లి రాగల దూరం. అక్కడ కొనేవారికి రెండు హెచ్చరికలు. ఎథీరియం నాణేల తవ్వకం 2022 సెప్టెంబరు 15న గ్రాఫిక్స్ కార్డుల అవసరం లేని పద్ధతికి మారాక, రాత్రింబవళ్లు నడిచిన కార్డులు పెద్ద ఎత్తున సెకండ్‌హ్యాండ్ మార్కెట్లలోకి వచ్చాయి. వాటిలో ఫ్యాన్లు, మెమరీ ప్యాడ్‌లు ముందు చూడాలి. ఇక పాత జీటీఎస్ 450 చిప్‌కు తప్పుడు బయాస్ ఎక్కించి 1050 టీఐ అని అమ్మిన నకిలీలు కూడా ఉన్నాయి. జీపీయూ-జెడ్ అలాంటివాటిని నకిలీ అని చూపిస్తుంది. బిల్లు, కొటేషన్ కావలసిన ప్రభుత్వ కళాశాల ఈ మార్కెట్ జోలికి పోజాలదు, పోవలసిన అవసరమూ లేదు. తన డెడ్ స్టాక్ గదిలో ఉన్న కార్డుల చరిత్ర దానికి తెలుసు.

అమరికలో మిగిలినవి చిన్న సంగతులు. కార్డు పొడవు కొత్త క్యాబినెట్‌లో పట్టాలి. రెండు స్లాట్ల మందం ఉన్న కార్డు కింద సౌండ్ కార్డో, నెట్‌వర్క్ కార్డో దూరదు. ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ లాంటివి నాలుగు లేన్లతోనే (డేటా దారులతోనే) నడుస్తాయి కాబట్టి వాటిని మూడో తరం స్లాటున్న బోర్డులో పెడితే వేగం తెలిసేంతగా తగ్గుతుంది. పదహారు లేన్ల కార్డులకు ఆ బాధ లేదు.

కళాశాలల నుంచి ఈ లేఖ ఆశించేవి కాగితం మీది పనులే. సిస్టమ్ కండెమ్ చేసే ప్రతిపాదనలో గ్రాఫిక్స్ కార్డును వేరే పద్దుగా చూపాలి: మోడల్, యూఈఎఫ్‌ఐ ఉందా, వీర్యామ్ పరీక్ష ఫలితం, పూర్తి భారం మీద ఉష్ణోగ్రత, డ్రైవర్ మద్దతు ముగిసే నెల. కొత్త సిస్టమ్‌ల స్పెసిఫికేషన్‌లో ఎస్‌ఎంపీఎస్‌ను వాట్లతో పాటు 12 వోల్టుల ఆంపియర్లతో, కార్డు వైర్ల సంఖ్యతో రాయాలి. లేకపోతే సప్లయర్ ఇచ్చే చవక ఎస్‌ఎంపీఎస్‌తో పాత కార్డును వాడుకునే దారి మొదట్లోనే మూసుకుపోతుంది. పరీక్షలో నెగ్గిన కార్డులు సొంత ల్యాబుకు అక్కర్లేకపోతే జిల్లాలోని మరో కళాశాలకు బదలాయించవచ్చు. చీరల డిజైన్ ల్యాబులో ఊరికే పడి ఉన్న 1060, పెనుకొండలో యంత్ర భాగాలు గీసే విద్యార్థి చేతికి చేరడం స్టాక్ రిజిస్టర్ల మధ్య ఒక సంతకంతో అయ్యే పని.

నెగ్గనివి పాత ఇనుము కొనేవాళ్ల తక్కెడకు వెళ్లకూడదు. కార్డు బోర్డులో రాగి, కొద్దిగా బంగారం ఉంటాయి; పాతవాటి అతుకుల్లో సీసమూ ఉండవచ్చు. వాటిని తీయడానికి బోర్డులను ఆరుబయట కాల్చి యాసిడ్‌లో ముంచితే ఆ పొగ, ఆ నీరు చుట్టుపక్కల ఇళ్లకే చేరతాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం ఇలాంటి వ్యర్థాలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లర్లే చేపట్టాలి. ఒక్క కళాశాలలో పోగయ్యే నాలుగైదు కార్డుల కోసం రీసైక్లర్ వాహనం రాకపోవచ్చు. మూడు పట్టణాల కళాశాలలు ఏడాదికోసారి ఒకే చోట పోగుచేసి, ఇచ్చిన సరుకుకు రసీదు తీసుకుని, ఆ నంబరును స్టాక్ రిజిస్టరులో కార్డు పద్దు ఎదుట రాసుకుంటే కండెమ్ ప్రక్రియ పూర్తవుతుంది.

భవదీయుడు,
హిందూపురం